చిన్న సముద్ర జీవుల ఫొటోలు తీయాలంటే: హైదరాబాద్‌లోనే మొదలుపెట్టండి

అండమాన్ వెళ్తున్నాం, ఏ కెమెరా కొనాలి అని చాలామంది అడుగుతారు. కెమెరా సంగతి తర్వాత. నీళ్లలో చేతులు ఆడించకుండా, దేన్నీ పట్టుకోకుండా ఒకేచోట తేలుతూ ఉండగలరా? అది ముందు చూసుకోండి.

పగడపు దిబ్బల్లో మనం వెతికేవి నుడిబ్రాంక్‌లు, అంటే పెంకు లేని రంగురంగుల సముద్రపు నత్తలు, ఎనిమోన్‌లో, అంటే పువ్వులా కనిపించే మెత్తటి సముద్ర జీవిలో దాక్కునే రొయ్యలు, పీతలు, ఇసుక బొరియల్లోంచి తొంగిచూసే గోబీ చేపలు. కొన్ని వేలిగోరంత కూడా ఉండవు. అంత దగ్గర నుంచి తీసేటప్పుడు మీరు కాస్త జరిగినా ఫోకస్ పోతుంది, నిలదొక్కుకుందామని పగడం మీద చెయ్యి వేస్తే ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ పుటుక్కుమంటుంది. పగడం రాయి కాదు, ప్రాణమున్న జీవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే దిబ్బలు కట్టే పగడాలూ ఉన్నాయి. ఫొటో కోసం దాన్ని తాకడం నా దృష్టిలో తప్పే.

ఈ పట్టు ఇక్కడే నేర్చుకోవచ్చు. నగరంలో స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్‌తో చేసే డైవింగ్, పూల్ సెషన్లు జరుగుతుంటాయి. పూల్ అడుగున ఒక రూపాయి బిళ్ల పెట్టి, దానికి జానెడు పైన తేలుతూ, కేవలం ఊపిరితో పైకీ కిందకీ సర్దుకోవడం సాధన చేయండి. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టొద్దు, స్కూబాలో అది ప్రమాదం. మెల్లగా వదులుతున్నప్పుడు షట్టర్ నొక్కండి. ఇంట్లో అయితే బాల్కనీలో కరివేపాకు మొక్క మీద పాకే చీమలే మంచి సబ్జెక్ట్: మ్యాక్రో మోడ్ (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే సెట్టింగ్) పెట్టి, ఒంటి చేత్తో, కంటి మీద ఫోకస్ కుదిరేదాకా తీస్తూ ఉండండి.

మొదటి కెమెరాగా ఒలింపస్ టీజీ-6 లాంటి కాంపాక్ట్ చాలు. అది ఒట్టిగా 15 మీటర్ల వరకే తట్టుకుంటుంది, ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి సర్టిఫికెట్ ఉన్న డైవర్ 18 మీటర్ల దాకా దిగొచ్చు, కాబట్టి హౌసింగ్, అంటే కెమెరాని మూసి ఉంచే వాటర్‌ప్రూఫ్ పెట్టె తప్పనిసరి. హౌసింగ్ మూసే ముందు ఓ-రింగ్ (నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు వలయం) మీద వెంట్రుక, ఇసుక రేణువు లేవని వెలుతురులో చూడండి, తర్వాత కెమెరా లేకుండా ఒకసారి నీళ్లలో ముంచి పరీక్షించండి.

ఇక లైటు. నీళ్లలో లోతుకు వెళ్లేకొద్దీ ముందుగా మాయమయ్యేది ఎరుపు రంగే, అందుకే 10 మీటర్ల దగ్గర ఎర్రటి జీవి కూడా బూడిద రంగులో కనబడుతుంది. స్ట్రోబ్, అంటే నీళ్లలో వాడే విడి ఫ్లాష్ వేస్తే అసలు రంగు వస్తుంది. దాన్ని లెన్స్ పక్క నుంచి కొంచెం బయటి వైపు తిప్పండి, నేరుగా కొడితే మధ్యలో తేలే నలుసులన్నీ తెల్ల చుక్కలై ఫొటో నిండా పడతాయి. సెట్టింగ్‌లు చేత్తో మార్చుకునే పెద్ద కెమెరా అయితే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందన) 100 లేదా 200, షట్టర్ వేగం సెకనులో 1/160 వంతు, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/16 దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి.

పై నుంచి తీయొద్దు. జీవి ఎత్తుకి దిగి ముందు వైపు నుంచి, కన్ను షార్ప్‌గా వచ్చేలా తీయండి. నుడిబ్రాంక్‌కైతే తల మీది రెండు కొమ్ముల మీద ఫోకస్ పెట్టాలి. గోబీ దగ్గరికి అంగుళం అంగుళం జరగాలి, మీ బుడగల చప్పుడుకే బొరియలోకి దూరిపోతుంది. దూరితే వదిలేయండి, పుల్లతో కదిలించొద్దు, గైడ్ కదిలిస్తానన్నా వద్దనండి. ఒక జీవి మీద నాలుగైదు ఫ్లాష్‌లు చాలు.

బయటికి రాగానే హౌసింగ్‌ని మంచినీళ్లలో నానబెట్టి బటన్లన్నీ నొక్కండి, ఉప్పు ఎండితే బిగుసుకుపోతాయి. డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కడం ఒంటికి ప్రమాదం, అందుకే రిటర్న్ టికెట్ బుక్ చేసేటప్పుడు చివరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా చూసుకోండి, ఇంకా ఎక్కువుంటే మరీ మంచిది.