వెబ్ యాప్ పేజీలన్నిటికీ ఒకే థీమ్ ఎలా పెట్టాలి?

నాలుగైదు పేజీలు ఉన్నంతవరకు రంగులు ఎక్కడికక్కడ రాసుకున్నా నడిచిపోతుంది. పేజీలు పెరిగాక "ఈ నీలం కాస్త ముదురుగా ఉంటే బాగుంటుంది" అని ఎవరైనా అంటే చాలు, టెన్షన్ మొదలు. ఆ నీలం ఎన్ని ఫైళ్లలో ఉందో వెతకడానికే రోజు గడిచిపోతుంది. సీఎస్ఎస్ వేరియబుల్స్‌తో, అంటే రంగులాంటి విలువకు ఒకచోట పేరు పెట్టి అన్నిచోట్లా ఆ పేరునే వాడే పద్ధతితో, ఈ తిప్పలు తప్పుతాయి. ప్రధాన బ్రౌజర్లన్నిటిలో 2017 నుంచీ ఇవి పనిచేస్తున్నాయి, ప్రత్యేకంగా లైబ్రరీ ఏదీ అక్కర్లేదు.

1. ఉన్నవన్నీ ఏరండి

స్టైల్‌షీట్లలోని రంగులు, ఫాంట్లు, ఖాళీల కొలతలు, మూలల గుండ్రాలు ఒకచోట రాసుకోండి. కంటికి తేడా తెలియని బూడిద రంగులు చాలానే బయటపడతాయి. వాటిని కలిపేయండి.

2. చేసే పనిని బట్టి పేరు పెట్టండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. వేరియబుల్‌కు "నీలం" అని పేరు పెడితే, రేపు ఆకుపచ్చ థీమ్ తయారుచేసినప్పుడు నీలం అన్న పేరు వెనుక ఆకుపచ్చ కూర్చుంటుంది. తర్వాత ఆ కోడ్ చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు. పేజీ నేపథ్యం, కార్డు నేపథ్యం, మామూలు అక్షరాలు, అంచు గీత, ముఖ్యమైన బటన్, తప్పు జరిగిందని చెప్పే సందేశం... ఇలా పేర్లు పెట్టుకోండి. నేపథ్యానికి పేరు పెట్టిన ప్రతిసారీ దానిమీద వచ్చే అక్షరాలకూ ఒక పేరు పెట్టండి. ఆ రెండూ జంటగా మారకపోతే ఏదో ఒక థీమ్‌లో బటన్ మీద రాత కనపడకుండా పోతుంది. మొదట్లో పదిహేను, ఇరవై పేర్లు చాలు.

3. ఒకే ఫైల్‌లో రాయండి

థీమ్ కోసం విడిగా ఒక ఫైల్ పెట్టి, అందులో రూట్ సెలెక్టర్ (:root) కింద ఈ పేర్లకు విలువలు ఇవ్వండి. ప్రతి పేరూ రెండు హైఫన్లతో మొదలవ్వాలి. మిగతా స్టైల్‌షీట్లలో రంగు కోడ్ ఉన్నచోటల్లా దాన్ని తీసేసి వార్ ఫంక్షన్‌తో (var()) ఆ పేరును పిలవండి. పేజీలన్నీ వాడే లేఅవుట్‌లో ఈ ఫైల్‌ను ఒక్కసారి కలిపితే అన్నిచోట్లకూ అందుతుంది.

ఒక జాగ్రత్త: పేరులో అక్షరం తప్పితే బ్రౌజర్ ఎర్రర్ చూపించదు. నేపథ్యం పారదర్శకంగా మారిపోయి ఊరుకుంటుంది. ఏదైనా రంగు ఉన్నట్టుండి మాయమైతే ముందు స్పెల్లింగ్ చూడండి.

4. రెండో థీమ్ చేర్చండి

హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్‌కు డేటా-థీమ్ అనే అట్రిబ్యూట్ పెట్టి, దాని విలువ "డార్క్" అయినప్పుడు అవే పేర్లకు కొత్త విలువలు ఇవ్వండి. పేజీల కోడ్‌ను ముట్టుకోనక్కర్లేదు. దాంతోపాటు కలర్-స్కీమ్ ప్రాపర్టీ కూడా రాయండి. అది లేకపోతే పేజీ అంతా నల్లగా ఉన్నా స్క్రోల్‌బార్లు, ఇన్‌పుట్ పెట్టెలు తెల్లగానే మిగులుతాయి.

డార్క్ థీమ్ అంటే రంగులు తిరగేయడం కాదు. నల్లటి నేపథ్యం మీద నీడలు కనపడవు కాబట్టి, పైకి తేలినట్టు ఉండాల్సిన కార్డులకు కాస్త లేత రంగు ఇవ్వాలి.

5. ఎంపికను గుర్తుపెట్టుకోండి

యూజర్ ఎంచుకున్న థీమ్‌ను బ్రౌజర్‌లోనే ఉండే లోకల్ స్టోరేజ్‌లో దాచండి. దాన్ని చదివి అట్రిబ్యూట్ పెట్టే చిన్న స్క్రిప్ట్ హెడ్ భాగంలోనే ఉండాలి. పేజీ చివర పెడితే ముందు తెల్లగా మెరిసి, తర్వాత నల్లబడుతుంది. చీకటి గదిలో చూస్తున్నవాళ్ల కళ్లకు అది నిజంగా బాధ. పేజీని సర్వర్ తయారుచేసి పంపే యాప్ అయితే కుకీలో దాచడం ఇంకా మేలు, అట్రిబ్యూట్‌ను సర్వరే రాసి పంపుతుంది. యూజర్ ఏదీ ఎంచుకోకపోతే, ప్రిఫర్స్-కలర్-స్కీమ్ మీడియా క్వెరీతో వాళ్ల పరికరం సెట్టింగ్‌ను పాటించండి.

6. ప్రతి థీమ్‌నూ విడిగా పరీక్షించండి

వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండటానికి పెట్టిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ఏఏ స్థాయి ప్రకారం మామూలు అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. పెద్ద అక్షరాలకు 3:1 చాలు. ఒక థీమ్‌లో సరిపోయిన జంట మరో థీమ్‌లో తప్పవచ్చు. ఎస్‌వీజీ ఐకాన్లకు రంగు బదులు కరెంట్‌కలర్ అని ఇస్తే అవి చుట్టూ ఉన్న అక్షరాలతోపాటే మారతాయి. ఐఫ్రేమ్‌లో వచ్చే బయటి పేజీలకు మాత్రం మీ వేరియబుల్స్ చేరవు.

టీమ్‌గా పనిచేస్తుంటే, స్టైల్‌షీట్లలో తప్పులు పట్టే స్టైల్‌లింట్ అనే టూల్‌లో కలర్-నో-హెక్స్ నియమం ఆన్ చేసి, థీమ్ ఫైల్‌కు మాత్రం మినహాయింపు ఇవ్వండి. ఎవరైనా తొందరలో నేరుగా హెక్స్ కోడ్ (#తో మొదలయ్యే రంగు కోడ్) రాసేస్తే అక్కడే పట్టుబడుతుంది.