పత్తి, వడ్ల పనులు మొదలుకాకముందే: దగ్గు గోలీలు చప్పరించేవాళ్లకు జాగ్రత్తలు

దసరా దాటిందంటే మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఒకటే పని, ఒకటే దుమ్ము. చేన్లో పత్తి ఏరుతుంటే ఎండిన ఆకు నలిగి ముక్కులోకి పోతుంది, వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో వడ్లు తూర్పార పట్టే మిషన్ పక్కన నిలబడితే నూగంతా చెమట మెడకు అంటుకుని దురద, ఆపైన తెల్లారుజామున చలి. దీపావళి నాటికి ఇంటికొకరు దగ్గుతుంటారు. కిరాణా దుకాణంలో అతిమధురం, తులసి, శొంఠి పేర్లతో ఉండే దగ్గు గోలీలు జేబులోకి చేరేది కూడా అప్పుడే.

గోలీలు వద్దని నేను అనను. చప్పరిస్తుంటే లాలాజలం ఊరి గొంతు తడిగా ఉంటుంది, గోలీలోని పుదీనా పువ్వు (మెంథాల్) చల్లగా తగిలి కాసేపు గరగర తెలియదు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపించేది కూడా ఆ చల్లదనం వల్లే, నిజంగా దారి తెరుచుకుని కాదు. లోపలికి పోయే దుమ్మును మాత్రం గోలీ ఆపలేదు. అందుకే ముందు ముక్కుకు, నోటికి మంచి మాస్కు, అది లేకపోతే దస్తీ రెండు మడతలు వేసి గట్టిగా కట్టుకోండి, తూర్పార పట్టేటప్పుడు గాలి మీ వెనక నుంచి వచ్చేలా నిలబడండి.

బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఇది కాస్త శ్రద్ధగా చదవండి. అతిమధురంలో గ్లిసిరైజిన్ అనే పదార్థం ఉంటుంది, అది ఎక్కువైతే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి పొటాషియం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. ఒకటీ అరా వేసుకుంటే భయం లేదు గానీ, పని ఉన్నన్ని రోజులూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా దవడన ఒకటి పెట్టుకునే అలవాటు మంచిది కాదు. బీపీకి నీళ్ల గోలీ (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) వాడేవాళ్లు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా అతిమధురం జోలికి పోవద్దు. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో 'యష్టిమధు' అని ఉన్నా అదే. షుగర్ ఉన్నవాళ్లూ చూసుకోవాలి, చాలా గోలీల్లో సగానికి పైగా చక్కెరే. షుగర్ ఫ్రీ అని రాసి ఉన్నవి లెక్కలేకుండా తింటే విరేచనాలవుతాయి. సీసాలో విడిగా అమ్మేవాటి మీద ఏమేం కలిపారో, ఎక్స్‌పైరీ ఎప్పుడో ఏమీ ఉండదు, అవి కొనకండి.

చిన్న పిల్లలకు, ముఖ్యంగా అయిదేళ్లలోపు వాళ్లకు, గోలీ ఇవ్వనే ఇవ్వొద్దు. గొంతుకు అడ్డం పడితే ఊపిరి ఆడదు, చేనుకాడ ఉన్నప్పుడు దవాఖానకు పోయేంత టైం ఉండదు. ఏడాది నిండని పిల్లలకు తేనె కూడా నాకించొద్దు. పెద్దవాళ్లయినా గోలీ నోట్లో పెట్టుకుని పడుకోవద్దు. గోరువెచ్చని గ్లాసు నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడం పెద్దలకు ఖర్చు లేని పని, గోలీ కంటే ముందు అది చేయండి.

బడి పిల్లలకు జ్వరంతో గొంతు నొప్పి వస్తే గోలీతో సరిపెట్టకండి. కొన్నిసార్లు అది స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియా వల్ల వస్తుంది, సరైన మందు పడకపోతే కొందరిలో కీళ్ల నొప్పులు మొదలై గుండె కవాటాలు దెబ్బతినే దాకా పోతుంది. పెద్దలకు రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే, "పని దుమ్ములే" అని వదిలేయకుండా సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష చేయించుకోండి, టీబీకి ఆ పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. దగ్గులో రక్తం పడినా, ఆయాసం వచ్చినా, గుటక వేయలేకపోయినా రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే పోవాలి. పోయేటప్పుడు చప్పరిస్తున్న గోలీల ప్యాకెట్, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందులు అన్నీ ఒక కవర్లో వేసుకుని వెంట తీసుకెళ్లండి.