మొక్క నాటకుండా గుట్ట మీది చిట్టడవిని తిరిగి పెంచడం ఎలా?

వానలు మొదలవగానే ఊరి గుట్ట మీద గుంతలు తవ్వుతారు, నర్సరీ మొక్కలు దింపుతారు, ఫొటోలు దిగుతారు. వచ్చే వేసవికి మిగిలేవి ఎండు పుల్లలు. ఏటా ఇదే తంతు. ఆ గుంతలు తవ్వేటప్పుడు గడ్డపారకు తెగిపోయేది అసలు అడవే అని ఎవరూ చూడరు.

అచ్చంపేట, అమ్రాబాద్ వైపు, నల్లమల అంచు ఊళ్లలో ఏ బోడిగుట్ట ఎక్కినా సరే, కాస్త వంగి చూడండి. మోకాలెత్తున గుబురుగా కనిపించేవన్నీ పొదలు కావు. వంటచెరకుకు కొట్టగా, మేకలు కొరకగా ఎదగలేక ఆగిపోయిన తునికి, నల్లమద్ది, మోదుగ, ఏగిస చెట్లు అవి. పైన రెండడుగులే ఉన్నా కింద వేరు పాతది, లోతుకు దిగినది. మూడు నెలల నర్సరీ మొక్కకు ఆ వేరు ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే ఆ పాత మోళ్ల పిలకలనే ఏరి చెట్లుగా ఎదగనివ్వడం నా పద్ధతి. నాటడం చివరి పని, అదీ అవసరమైతేనే.

ముందు నేల ఎవరిదో తేల్చుకోండి. పట్టా అయితే మీ ఇష్టం. ఊరి ఉమ్మడి భూమి అయితే పంచాయతీ తీర్మానం ఉండాలి. రిజర్వు ఫారెస్టు అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా కొడవలి పట్టకండి. పనిముట్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు: పదునైన చేతిరంపం, కొడవలి, గడ్డపార, చిరిగిన చీర పీలికలు. గొడ్డలి మాత్రం ఇంట్లోనే వదిలి రండి. గొడ్డలి దెబ్బకు మోడు చీలుతుంది, చీలికలో నీరు నిలిచి కుళ్లుతుంది.

కార్తీకంలో, ఆకు నిండుగా ఉన్నప్పుడు గుట్టంతా తిరగండి. బతికిన ప్రతి మోడుకూ పీలిక కట్టండి. అనుమానంగా ఉంటే బెరడును గోటితో గీరండి. కింద పచ్చగా తడి కనిపిస్తే అది బతికే ఉంది. ఆకులు రాలాక వెతికితే సగం మోళ్లు దొరకవు. చుట్టూ కంప కంచె వేయండి. గొర్రెల కాపరులతో ముందే మాట్లాడండి: లోపల గడ్డి కోసుకెళ్లవచ్చు, మందను మాత్రం తోలకూడదు. గడ్డి వాళ్లకు దక్కితే కంచెను వాళ్లే కాపాడతారు.

లంటానా, సర్కారు తుమ్మ మన చెట్లు కావు, తీసెయ్యాలి. పైపైన నరికితే రెండింతలు మొలుస్తాయి. కాండం వేరుగా మారే చోటు నేలలో ఉంటుంది. అక్కడికి కింద తెంపాలి. లంటానాకు రెండు మూడు అంగుళాల లోతు చాలు, తుమ్మకు ఇంకా లోతుకు పోవాలి. పెరికిన లంటానాను తలకిందులుగా ఎండబెట్టండి, లేకపోతే మళ్లీ వేళ్లూనుతుంది. అదే ఊపులో రేగు, పరికి, బలుసు, కలే పొదల మీద చెయ్యి వేయకండి. ‘శుభ్రం చేశాం’ అని ముళ్లన్నీ కొట్టేసిన గుట్టలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ ముళ్ల నీడలోనే మేక నోటికి అందకుండా మారేడు, వెలగ మొలకలు బతుకుతాయి.

ఇప్పుడు అసలు పని, అందరూ చెడగొట్టే పని: పిలకల ఎంపిక. జనవరి, ఫిబ్రవరిలోనే చెయ్యండి. ఒక్కో మోడు నుంచి పది, ఇరవై పిలకలు లేచి ఉంటాయి. చూడగానే చెయ్యి దురద పెడుతుంది, ఒక్కటి ఉంచి అన్నీ తీసేద్దామని. ఆ ఒక్కదానికి చుట్టూ ఆసరా ఉండదు. వెలుగు ఒక్కసారిగా పడేసరికి సన్నగా పొడుగ్గా సాగుతుంది, మే నెల గాలిదుమారానికి మొదలంటా ఊడుతుంది. మొదటి ఏడు నాలుగైదు పిలకలు ఉంచాలి. రెండో ఏడు మూడు. ఆ తర్వాతే ఒకటి, రెండు. దీంట్లో బేరం లేదు.

ఏవి ఉంచాలి? ఎత్తుగా ఉన్నవి కావు, కిందుగా పుట్టినవి. మోడు పైఅంచున లేచిన పిలక లావుగా, నిటారుగా, ముచ్చటగా ఉంటుంది. కానీ దానికి పట్టు బెరడు దగ్గరే. బరువు పెరిగాక విరిగి పడుతుంది. నేలను ఆనుకుని పుట్టిన పిలక పొట్టిగా, వంకరగా ఉన్నా సరే, దాన్నే ఉంచండి. మొదలు దగ్గర మట్టి తగిలి సొంత వేళ్లు దింపుకుంటుంది. అన్నీ ఒకే పక్కవి కాకుండా మోడు చుట్టూ ఉన్నవి ఎంచుకోండి.

తునికి, మోదుగల దగ్గర ఇంకాస్త నిదానం కావాలి. ఇవి మోడు నుంచే కాదు, నేలలో పాకే వేరు నుంచీ పిలకలు వేస్తాయి. నాలుగడుగుల దూరంలో ఉన్నది వేరే మొక్క అనుకుంటాం, తీరా చూస్తే అదే తల్లి బిడ్డ. వాటిని గడ్డపారతో పెరకకండి, వేరు తెగుతుంది. కొట్టాల్సినవి రంపంతోనే, మొదలుకు ఆనించి కోయండి. ముందు కింది వైపు చిన్న గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోస్తే బెరడు చీలదు. కోత కొంచెం ఏటవాలుగా ఉండాలి, నీరు జారిపోతుంది. ఉంచిన పిలకలకు పక్క కొమ్మలు సగం ఎత్తు దాకే తియ్యండి. అంతకు మించి తీస్తే చెట్టు తినే అన్నం తీసేసినట్టే.

ఇది నా సొంత కల్పన కాదు. ఆస్ట్రేలియాకు చెందిన టోనీ రినాడో 1980ల్లో ఆఫ్రికాలోని నైజర్ దేశంలో రైతులతో కలిసి ఈ దారే పట్టాడు. అక్కడ ఏళ్ల తరబడి నాటిన మొక్కలు చస్తూనే ఉంటే, పొలాల్లో పొదలనుకున్నవి నిజానికి నరికిన చెట్ల మోళ్లేనని గమనించాడు. ఆ తర్వాత అక్కడ దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి లేచాయి. మనవాళ్లు మాత్రం మియావాకీ అంటున్నారు. జపాన్ శాస్త్రవేత్త అకిరా మియావాకీ స్థానిక జాతులే నాటమన్నాడు, అది మంచి మాటే. కానీ చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు, రెండు మూడేళ్ల నీళ్లు, ఎరువు, కలుపుతీత ఊళ్లో బడి ఆవరణకు సరిపోతాయి. బోరు లేని గుట్టకు ట్యాంకరు ఎవరు ఎక్కిస్తారు? పాత వేరుకు ఆ నీళ్ల అవసరమే లేదు.

మోళ్లు లేని ఖాళీల్లో మాత్రం విత్తనం వేయండి. వేప, ఇప్ప గింజలు ఎక్కువ రోజులు నిలవవు. రాలిన పది పదిహేను రోజుల్లో నేలలో పడాలి. రేల గింజను రాతి మీద కాస్త అరగదీసి నానబెట్టండి. ఏ గింజైనా బయలులో వద్దు, ముళ్లపొద మొదట్లో పెట్టండి. వాలులో రాళ్లు అడ్డంగా పేర్చితే వాన మట్టి నిలుస్తుంది.

మిగిలిన శత్రువు అగ్గి. ఇవి ఆకురాల్చే చెట్లు. ఫిబ్రవరి నుంచి నేలంతా ఎండాకు పరుచుకుంటుంది, ఒక్క బీడీ ముక్క చాలు. జనవరి చివరికల్లా కంచె వెంట 10 అడుగుల వెడల్పున గడ్డి, ఆకు ఊడ్చి మట్టి తేల్చండి. చుట్టూ చేన్ల రైతులకు కూడా ఇది పనికొస్తుంది: అడవి పంది ఎటు నుంచి దిగిందో ఆ పట్టీలో అడుగులు చెబుతాయి. పొలంలో కంది మోళ్లు కాల్చే రోజు ముందుగా చెప్పమని వాళ్లను అడగండి. తునికాకు కొత్త చిగురు కోసం, రాలిన ఇప్పపూలు కనిపించడం కోసం నిప్పు పెట్టడం ఉంది. ఏరుకునేవాళ్లతో గొడవ పడకండి. పూలు రాలే రోజుల్లో చెట్ల కింద పాత చీరలు, వలలు పరవండి. శుభ్రమైన పువ్వు దొరుకుతుంది, నిప్పుతో పని ఉండదు.

రెండో ఏడు, మూడో ఏడు తీసేసే పిలకలు చేతికర్రంత లావవుతాయి. పందిరి గుంజలకు, పొయ్యికి పనికొస్తాయి. వాటిని అమ్మి డబ్బు పంచాయతీలో వేయకండి. మందను బయట ఆపిన కాపరులకు, మంట ఆర్పడానికి కొమ్మలు పట్టుకుని ఉరికిన వాళ్లకు మోపులుగా కట్టి అక్కడే పంచండి.