బఫర్ కలిపినా డెడ్‌లైన్ దాటుతోందా? సమస్య - పరిష్కారం

పనిని ముక్కలు చేసుకోవడం, ఒక్కో ముక్కకు ఎంత టైమ్ పడుతుందో రాసుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. అదంతా చేసి, జాగ్రత్త కోసం పైన కొంత అదనపు టైమ్ (అదే బఫర్) కలిపి, అయినా చివరి వారంలో టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది.

మిగతావి చదివేముందు ఒక్కటి చూడండి. ఇలాంటి పని పోయినసారి ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన అవతలివాళ్ల చేతికి వెళ్లింది? పాత మెయిళ్లు తెరిస్తే రెండు నిమిషాల్లో దొరుకుతుంది. నన్ను సలహా అడిగినవాళ్లలో ఇది చూసుకుని వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. చూడమంటే "అప్పుడు వేరే గొడవలు వచ్చాయి లెండి, ఈసారి అలా కాదు" అంటారు. ఈసారీ ఏదో ఒక గొడవ వస్తుంది, దాని పేరు వేరు, అంతే.

లక్షణం: ప్రతిసారీ ఇంచుమించు ఒకే పాళ్లలో ఆలస్యం

కారణం: లెక్క పాత అనుభవం మీద కాకుండా ఊహ మీద వేశారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 అన్నారు. నిజంగా పట్టింది 55 దాటింది. అంటే భయపడి వేసిన లెక్క కూడా చాల్లేదు.

చేయాల్సింది: చివరి మూడు పనులకు మీరు చెప్పిన రోజులు, పట్టిన రోజులు పక్కపక్కన రాయండి. 5 చెప్పి 8 పట్టడం మీ అలవాటైతే, ఈసారి తోచిన అంకెను 1.6తో గుణించండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

లక్షణం: గంటల లెక్క సరిపోయింది, తేదీ మాత్రం దాటింది

16 గంటల పనిని రెండు రోజులని రాసి ఉంటారు. మీటింగులు, ఫోన్లు పోగా రోజుకు మీకు మిగిలేది నాలుగు గంటలైతే అది నాలుగు రోజుల పని. సరిచేసి ముందుకెళ్లండి.

లక్షణం: ప్రతి ముక్కకూ అదనంగా కలిపారు, ఎవరూ ఖాళీగా కూర్చోలేదు, అయినా ఆలస్యం

నాకు చెయ్యి కాలింది ఇక్కడే. ఒక యంత్రం వాడకం మీద మాన్యువల్ తయారుచేయాలి. రాయడం, బొమ్మలు, ఇంజనీరు రివ్యూ, దిద్దుబాట్లు, పేజీ అమరిక. ఒక్కోటి రెండు రోజుల పని. జాగ్రత్త కోసం ఒక్కోదానికి మూడు వేసి, మొత్తం 15 రోజులని మాటిచ్చాను. పట్టింది 18.

ఏం జరిగిందంటే, నా రాత రెండో రోజు సాయంత్రానికే అయిపోయింది. ఇంకో రోజుంది కదా అని మూడో రోజంతా వాక్యాలను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. నిజానికి ముందే ఇచ్చినా, బొమ్మలు వేసే ఆవిడ నాలుగో రోజు వరకు మొదలుపెట్టేవారు కాదు. ఆవిడకూ మూడు రోజులున్నాయి కాబట్టి మొదటి రోజు వేరే పని చూసుకున్నారు. చివరి రోజు ఫైలు తెరుచుకోక మొరాయించింది. ఒక రోజు పోయింది. మర్నాడు ఇంజనీరు గారి దగ్గరికి వెళ్తే, ఆయన అనుకున్న రోజు దాటిపోయిందని ఇంకో పనిలో దిగారు. ఆయన ఖాళీ అయ్యేసరికి మరో రెండు రోజులు.

తప్పు ఎవరిదీ కాదు. ముక్కలో దాచిన అదనం ఆ ముక్కలోనే కరిగిపోతుంది. ముందుగా అయిన పని వల్ల మిగిలిన రోజు తర్వాతివాళ్లకు చేరదు, ఆలస్యం మాత్రం పొల్లుపోకుండా చేరుతుంది.

చేయాల్సింది: ఒక్కో ముక్కలోంచి ఆ అదనపు రోజును బయటికి తీయండి. పని 10 రోజులు, తీసిన 5 రోజులు ఒకే మూటగా చివర. బయటివాళ్లకు చెప్పే తేదీ అదే 15. తర్వాత వచ్చేవాళ్లకు ముందే తేదీ ఖాయం చేయకండి, "రేపు మీ చేతికి వస్తుంది" అని ముందురోజు చెప్పండి. మూటలోంచి ఎవరు ఎన్ని రోజులు తీసుకున్నా అందరికీ కనిపించేలా రాయాలి. రెండు రోజుల పని మూడు రోజులైందని ఎవరినీ నిలదీయకండి. నిలదీస్తే వచ్చేసారి మళ్లీ రహస్యంగా కలుపుతారు, మొదటికొస్తుంది. మూడో వంతు పని కాకుండానే సగం మూట ఖర్చయిందంటే ఆ రోజే పైవాళ్లకు చెప్పేయండి.

"బయటికి కనిపిస్తే బాస్ కోసేస్తారు" అంటారు. నిజమే, "అదనం" అని రాస్తే కోస్తారు. "రివ్యూ కోసం ఎదురుచూపు, రెండోసారి దిద్దడం" అని రాసి, పక్కన పాత తేదీలు పెట్టండి. నాకైతే ఆ తేదీలు చూపించాక కోత పడలేదు. తర్వాతి మాన్యువల్‌కు ఇలాగే చేశాను, 5 రోజుల్లో 4 వాడాం.

మిగతావి

మధ్యలో పని స్వరూపమే మారిపోతే అది ఆలస్యం కాదు, కొత్త పని. కొత్తగా లెక్క వేసి ఇవ్వండి. జ్వరం, పాడైన కంప్యూటర్ లాంటివి ఆ మూటలోనే సర్దుకుంటాయి. తక్కువలో తక్కువ పట్టే రోజులు, మామూలుగా పట్టే రోజులకు నాలుగింతలు, ఎక్కువలో ఎక్కువ పట్టే రోజులు, ఈ మూడూ కలిపి 6తో భాగించే ఫార్ములా గురించి కూడా అడుగుతుంటారు. వాడండి, కానీ ఆ ఎక్కువలో ఎక్కువ అన్న అంకె పాత మెయిళ్లలోంచి రావాలి.