అద్దె ఇంట్లో తడిసిన చెక్క నేల: బాగు చేయాలా, మార్చాలా?

మహారాష్ట్రలోని సిరొంచ, బల్లార్‌పూర్, చంద్రపూర్ వైపు పాత మేడల్లో దూలాల మీద టేకు బల్లలు పరిచిన నేల ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. కొత్త ఫ్లాట్లలో అయితే చెక్కలా కనిపించే లామినేట్. వానాకాలంలో కప్పు కారి తడిసేవి కొన్ని. ప్రాణహిత, గోదావరి పొంగినప్పుడు మునిగేవి కొన్ని. 2022 జులై వరద సిరొంచలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మరి ఎండాకాలం నీటి బెడద ఉండదా అంటే, కూలరు ఉందిగా! తొట్టి కింద రోజూ కాస్త చెమ్మ చేరుతుంది. మేలో ఎవరూ పట్టించుకోరు. కూలరు జరిపిన రోజున అడుగు బల్ల నల్లబడి కనిపిస్తుంది.

సొంత ఇంట్లో అయితే వడ్రంగిని పిలిస్తే సరిపోతుంది. అద్దె ఇంట్లో చెక్క పనితో పాటు కాగితం పని కూడా ఉంటుంది. రెండూ కలిసి నడవాలి.

మొదటి పని: నీరు ఆపి, ఫొటోలు తీయడం

నీరు గోడ ప్లగ్గుల దాకా చేరి ఉంటే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. మెయిన్ దగ్గరే తడి ఉంటే దాన్ని ముట్టుకోకుండా కరెంటు వాళ్లను పిలవండి. తర్వాత ఫొటోలు. పాడైన బల్లలను అందరూ తీస్తారు, అసలు తీయాల్సింది నీరు వచ్చిన చోటు: పగిలిన పెంకు, కారుతున్న పైపు కీలు, గోడ మీద వరద గీత. రేపు వాదన వచ్చేది దాని గురించే. అదే రోజు ఇంటి యజమానికి ఫొటోలతో వాట్సాప్‌లో రాయండి, ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. వరద నష్టానికి తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) పంచనామా రాస్తే అందులో నేల సంగతి కూడా రాయించి, ఒక నకలు దగ్గర పెట్టుకోండి. యజమాని రాతపూర్వకంగా సరేననే దాకా ఒక్క బల్ల కూడా పీకవద్దు.

రెండో పని: ఆరబెట్టడం

అందరూ తొందరపడేది ఇక్కడే. ఇంటికొచ్చిన వడ్రంగి పైకి లేచిన అంచులు చూసి, "ఇవాళే చిత్రిక పట్టేస్తానన్నా, నున్నగా అయిపోతుంది" అంటాడు. పట్టనివ్వకండి. బల్ల అడుగు భాగం పైభాగం కన్నా ఎక్కువ తడిస్తే అంచులు లేచి నడుమ గుంట పడుతుంది. ఆ స్థితిలో అంచులు చెక్కేస్తే, అడుగు ఆరిన తర్వాత అవి కిందికి దిగిపోతాయి, నడుమ భాగం ఉబ్బెత్తుగా మిగులుతుంది. చెక్కేసిన చెక్క మళ్లీ రాదు.

ముందుగా ఒండ్రు, బురద కడిగి, గుడ్డతో నీరంతా పీల్చేయండి. చాపలు, తివాచీలు, మంచం కింది పెట్టెలు అన్నీ బయటికి. కిటికీలు తెరిచి, ఫ్యాను గాలి నేలను రాసుకుంటూ పోయేలా పెట్టండి. ఫ్యాను లేదని కూలరు పెట్టేవాళ్లుంటారు. నీళ్లతో నడిచే కూలరు గదిలో తేమ పెంచుతుంది. తొట్టి ఖాళీ చేసి, పంపు ఆపి, ఉత్త ఫ్యానుగా వాడుకోవచ్చు. హీటరు పెట్టి వేడి చేయడం కూడా వద్దు, పైపొర ముందే ఆరి పగుళ్లు తీస్తుంది. బల్లల కిందికి గాలి వెళ్లే దారి ఉంటే తెరవండి. యజమాని ఒప్పుకుంటే గోడ వారనున్న ఒక బల్ల తీస్తే ఇంకా మంచిది.

ఇది వారాల తరబడి సాగే పని. ఎంత ఆరిందో తెలియాలంటే పొడవాటి స్కేలును బల్ల మీద అడ్డంగా నిలబెట్టి, నడుమ ఎంత సందు ఉందో వారానికోసారి చూడండి. సందు తగ్గడం ఆగిపోయిందంటే బల్ల ఒక స్థితికి వచ్చినట్టే. చెక్క తేమ కొలిచే చిన్న మీటరు దొరికితే, తడవని గదిలోని బల్లతో పోల్చండి. రెండు అంకెలూ దగ్గరపడాలి. తేమ 20 శాతం దాటి నిలిచిన చెక్కకు బూజు, కుళ్లు పడతాయి.

మూడో పని: ఏది ఉంచాలి, ఏది తీయాలి

స్క్రూడ్రైవర్ మొన బల్లకు ఆనించి గట్టిగా నొక్కండి. ఆరోగ్యంగా ఉన్న టేకు ఎదురు తిరుగుతుంది, చిన్న గాటు తప్ప ఏమీ పడదు. కుళ్లింది మెత్తగా లోపలికి దిగి, పెళ్లలుగా లేస్తుంది. బల్లలతో ఆగకుండా, గోడలోకి చొచ్చుకుపోయిన దూలాల కొసలను కూడా ఇలాగే పొడిచి చూడండి. తడి ఎక్కువ రోజులు దాగేది అక్కడే. దూలం మెత్తబడితే అది అద్దెదారు చేయించే పని కాదు. ఆ గదిలో తిరగడం ఆపి యజమానికి రాయండి.

టేకు చేవకు చెదలు అంత సులువుగా పట్టవు కానీ, అంచున లేత రంగులో ఉండే తెల్లచెక్కను మాత్రం వదలవు. నల్ల మరకలున్నా గట్టిగా ఉన్న బల్లను మార్చనక్కర్లేదు. పూర్తిగా ఆరాక చిత్రిక పట్టి పాలిష్ పెడితే చాలు.

లామినేట్‌కు ఇంత పరీక్ష అక్కర్లేదు. దాని లోపల ఉండేది నొక్కిన చెక్కపొడి; ఒకసారి ఉబ్బితే మళ్లీ అణగదు. గోడ వైపు నుంచి వరుసగా ఊడదీసి, ఉబ్బినవి పారేయండి. కింది ఫోమ్ షీటు నీళ్లు పట్టి ఉంచుతుంది, దాన్ని కూడా తీసేయాలి. సిమెంటు నేల మీద ఒకటిన్నర అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు అంచులా టేపు అంటించి మర్నాటి దాకా వదిలేయండి. కింద నీటి చుక్కలు కనిపిస్తే కొత్తది పరచడానికి ఇంకా సమయం ఉంది.

నాలుగో పని: బల్ల మార్చడం

బల్లార్‌పూర్ కలప డిపోకు పేరున్న ఊరు, టేకు దొరకడం కష్టం కాదు. బిల్లు, రవాణా అనుమతి పత్రం లేకుండా మాత్రం కొనకండి. అటవీ తనిఖీలో సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. కొత్త బల్లలను తెచ్చిన రోజే బిగించకుండా, అదే గదిలో మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి కొన్నాళ్లు ఉంచండి.

పాడైన ముక్కను దూలం నడిమి మీదికి వచ్చేలా కోయాలి, అప్పుడే పాత బల్ల, కొత్త బల్ల రెండింటి కొసలకూ ఆనిక దొరుకుతుంది. అలా కుదరకపోతే దూలం పక్కన ఒక ఆసరా చెక్క బిగించి దాని మీద ఆనించండి. మేకులకు బదులు తుప్పు పట్టని స్క్రూలు, ముందుగా రంధ్రం చేసి. గోడల పక్కన సుమారు 10 మిల్లీమీటర్ల సందు వదలడం మరవకండి. మేలో 45 డిగ్రీల ఎండకు కుంచించుకుపోయి, ఆగస్టు చెమ్మకు ఉబ్బే చెక్కకు కదలడానికి చోటు కావాలి. ఎండాకాలంలో బల్లల మధ్య కనిపించే సన్నని సందులను లప్పంతో పూడ్చేయాలన్న ఆరాటం కూడా అనవసరం, వానలు పడగానే అవే మూసుకుంటాయి.

అవిసె నూనె పాలిష్ వాడితే, తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. వాటికవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచండి, లేదా బయట విడివిడిగా ఆరేయండి.

డబ్బు ఎవరు పెట్టాలి?

కప్పు, గోడలోని పైపు కారితే ఖర్చు యజమానిది అనడం న్యాయం. మీ కూలరు కారితే మీది. వరద విషయంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అద్దెదారుకు కొంత అండ: మామూలు అరుగుదలకు, ఎవరూ ఆపలేని విపత్తు వల్ల కలిగిన మార్పులకు అతను బాధ్యుడు కాడు. అయితే ఒప్పందంలో వేరే షరతు ఉంటే అదే నడుస్తుంది. 1999 మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఊళ్లలో, 15 రోజులకు తగ్గకుండా నోటీసు ఇచ్చినా యజమాని మరమ్మతు చేయించకపోతే, అద్దెదారే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు. ఏడాదికి ఆ మొత్తం ఏడాది అద్దెలో నాలుగో వంతు మించకూడదు. ఇక్కడ చాలామంది రాసుకునే 11 నెలల 'లీవ్ అండ్ లైసెన్స్' కాగితం మాత్రం అద్దె కౌలు కాదు, ఇంట్లో ఉండడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. అది మీ చేతిలో ఉంటే యజమాని ఒప్పుకోలు రాతలో లేకుండా అద్దెలో ఒక్క రూపాయి కూడా తగ్గించకండి.

పని అయ్యాక కలప బిల్లు, వడ్రంగి కూలి రసీదు, ముందూ తర్వాతా తీసిన ఫొటోలు యజమానికి పంపి, అందినట్టు జవాబు తీసుకోండి. మిగిలిన ఒకటి రెండు బల్లలను అటక మీద పెట్టించి ఆ మాట కూడా అందులోనే రాయండి. ఇల్లు ఖాళీ చేసి అడ్వాన్సు చేతికి వచ్చేదాకా ఆ మెసేజీలు ఫోనులోంచి తుడిచేయకండి.