ముద్ద కలిపే ముందు కూర తినండి: ఆకలి హార్మోన్లతో భోజనం

బరువు తగ్గాలని నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదటి మాటే "మేడం, నోరు కట్టుకోలేకపోతున్నా" అంటారు. డైటీషియన్‌గా నాకు బాధ కలిగించే మాట అది. ఆకలి వేయించేదీ, ఇక చాలనిపించేదీ చాలావరకు పొట్టా పేగులూ పంపే హార్మోన్లే. వాటికి తగ్గట్టు తినడం నేర్చుకోవచ్చు.

పొట్టలో ఊరే గ్రెలిన్ అనే హార్మోన్ ఆకలి పుట్టిస్తుంది. 1999లో జపాన్‌లో కోజిమా, కంగవా దీన్ని కనిపెట్టారు. మనం రోజూ తినే వేళకు ఇది పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. అందుకే టిఫినూ భోజనమూ రోజూ ఒకే వేళకు పెట్టుకోండి.

ఇక కంచం దగ్గరికి వద్దాం. మనం కూర్చోగానే అన్నంలో పప్పు కలిపేస్తాం. ఆ చెయ్యి కాసేపు ఆపండి. ముందు ఒక కప్పు బీరకాయో గోరుచిక్కుడో, నూనె తక్కువేసి వండిన కూర వట్టిదే తినండి. తర్వాత గట్టి ముద్దపప్పు చిన్న గిన్నెలో వేసుకుని స్పూన్‌తో తినండి; గుడ్డు, చేప ఉంటే ఇంకా మంచిది. అన్నం ఆ తర్వాతే, చారుతోనో మజ్జిగతోనో. మాంసకృత్తులు, కొవ్వు చిన్నపేగులోకి దిగితే సీసీకే, ఇంకాస్త కిందికి వెళ్లేసరికి జీఎల్‌పీ-1, పీవైవై అనే పేగు హార్మోన్లు విడుదలై మెదడుకు చాలని చెబుతాయి. న్యూయార్క్‌లో వీల్ కార్నెల్ వైద్య కళాశాల వైద్యులు షుగర్ ఉన్నవాళ్లకు ఒకే భోజనాన్ని వరస మార్చి పెట్టి చూశారు. బ్రెడ్ ముందు తిన్నరోజు, తిన్న మూడు గంటల్లోనే గ్రెలిన్ మళ్లీ తినకముందు ఉన్నంతకు వచ్చింది. చివర్లో తిన్నరోజు అణిగే ఉంది. మనకు బ్రెడ్ స్థానంలో అన్నం, అంతే.

ఆదరాబాదరా తినొద్దు. ఏథెన్స్‌లో జరిగిన ఒక పరిశోధనలో ఒకే 300 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్‌ను 5 నిమిషాల్లో తిన్నప్పటికంటే అరగంట తీసుకుని తిన్నప్పుడు పీవైవై, జీఎల్‌పీ-1 ఎక్కువగా పెరిగాయి. ఫోన్ పక్కన పెట్టి, ముద్ద పూర్తిగా నమిలాకే ఇంకో ముద్ద కలపండి.

నిద్ర తగ్గినా గ్రెలిన్ పెరుగుతుంది. రాత్రి పదకొండుకు ఫ్రిజ్ తెరవాలనిపిస్తే ముందు పడుకోండి.

కడుపు మాడ్చుకునే డైట్లకు మాత్రం నేను ఒప్పుకోను. ఆస్ట్రేలియాలో పది వారాలు బాగా తక్కువ కేలరీలతో బరువు తగ్గినవాళ్లను ఏడాది తర్వాత పరీక్షిస్తే, గ్రెలిన్ ఇంకా ఎక్కువగానే, పీవైవై తక్కువగానే ఉన్నాయి. తగ్గిన బరువు తిరిగొస్తే తమనే తిట్టుకునేవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

షుగర్‌కూ, బరువు తగ్గడానికీ ఇచ్చే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ జీఎల్‌పీ-1కు నకలే. మన సొంత జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లో సగం విరిగిపోతుంది, మందు వారమంతా పనిచేస్తుంది. డాక్టరు రాస్తేనే వాడండి. వాడేవాళ్లకు ఆకలి బాగా తగ్గుతుంది కాబట్టి, తినే ఆ నాలుగు ముద్దల్లో పప్పో గుడ్డో పెరుగో ఉండాలి. లేకపోతే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు తిండి తగ్గితే డోసు గురించి ముందే డాక్టర్ని అడగండి.