పాలకుడిపై తిరుగుబాటు గురించి ఇస్లామీయ అభిప్రాయాలను ఎలా చదవాలి

దౌర్జన్యం చేసే పాలకుడి మీద ప్రజలు తిరగబడవచ్చునా అనే ప్రశ్నకు ఇస్లాం ఏం చెబుతుందని అడిగినవారికి సాధారణంగా రెండు జవాబులలో ఒకటి దొరుకుతుంది. పాలకుడికి విధేయత చూపడం తప్పనిసరి కనుక తిరుగుబాటు నిషిద్ధమని కొందరు అంటారు; అన్యాయాన్ని ఎదిరించడం విశ్వాసి బాధ్యత కనుక తిరగబడక తప్పదని మరికొందరు అంటారు. ఇరుపక్షాలూ ఖుర్ఆన్‌నూ ప్రవక్త మాటలనూ చేతలనూ తెలిపే ఉల్లేఖనాలైన హదీసులనూ ఉదహరిస్తాయి, ఇరుపక్షాల వెనుకా పేరెన్నికగన్న పండితులు ఉన్నారు. ఈ విషయంపై ఒక ఫత్వా (పండితుడిచ్చే ధర్మశాస్త్ర అభిప్రాయం) గానీ ప్రసంగం గానీ ఎదురైనప్పుడు దానిని ఏ వరుసలో పరిశీలిస్తే అసలు విభేదం ఎక్కడుందో తెలుస్తుందో ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికంటే ముందు, మాట్లాడుతున్నది ఏ చర్య గురించో తేల్చుకోవాలి. పాలకుడికి ఏకాంతంలో హితవు చెప్పడం, బహిరంగంగా విమర్శించడం, అధర్మమైన ఆజ్ఞను పాటించకపోవడం, నిరాయుధంగా వీధుల్లోకి రావడం, ఆయుధం పట్టడం అనేవి ఐదు వేర్వేరు పనులు. పూర్వపు ధర్మశాస్త్రవేత్తలు ‘ఖురూజ్’ అనే శీర్షిక కింద చర్చించినది ప్రధానంగా ఆయుధబలంతో చేసే తిరుగుబాటును. నిరాయుధ ప్రదర్శన కూడా ఆ శీర్షిక కిందికి వస్తుందా అన్నదే 2011లో అరబ్బు దేశాల పండితులను చీల్చిన ప్రశ్న. ఆ సంవత్సరం మార్చిలో సౌదీ అరేబియా అగ్ర పండితుల మండలి ప్రదర్శనలు ఇస్లామీయ ధర్మశాస్త్రమైన షరియత్‌కు అనుగుణమైన మార్గం కావని, హితబోధే సరైన మార్గమని ప్రకటించింది. అంతకు కొన్ని వారాల ముందు, ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ గద్దె దిగిన వారం రోజులకు, ఫిబ్రవరి 18న కైరోలోని తహ్రీర్ కూడలిలో ప్రముఖ సున్నీ పండితుడు యూసుఫ్ అల్ ఖరదావీ శుక్రవార ప్రసంగం చేసి ఆ ఉద్యమకారులను అభినందించారు. దౌర్జన్యం పాపమన్న విషయంలో ఈ ఇద్దరికీ భేదం లేదు. తమ ముందున్న చర్యను ఏ శీర్షిక కింద చేర్చాలన్న దగ్గరే దారులు విడిపోయాయి. నా అభిప్రాయంలో ఈ చర్చలో ముప్పాతిక వంతు గందరగోళం ఈ ఒక్క ప్రశ్నను దాటవేయడం వల్లనే పుడుతోంది.

తరువాత, ఉదహరించిన ప్రమాణాన్ని పూర్తిగా చదవాలి. విధేయతకు ఆధారంగా చూపే ఖుర్ఆన్ నాలుగవ సూరా (అధ్యాయం) 59వ వాక్యం అల్లాహ్‌కూ ప్రవక్తకూ, మీలో అధికారం గలవారికీ విధేయులు కావాలని చెప్పి అక్కడితో ఆగదు. వివాదం తలెత్తితే దానిని అల్లాహ్‌కూ ప్రవక్తకూ నివేదించమంటుంది, అంటే పాలకుడి మాటను అంతిమ తీర్పుగా నిలపదు. ‘నీ వీపు మీద కొట్టినా, నీ సొమ్ము లాక్కున్నా వినాలి, విధేయుడిగా ఉండాలి’ అనే భావం గల హదీసు సహీహ్ ముస్లిం అనే ప్రామాణిక హదీసు సంకలనంలో ఉన్నమాట నిజమే, అయితే ఆ ఉల్లేఖన పరంపరలో ఒకచోట లంకె తెగిందని హదీసు విమర్శకుడు దారఖుత్నీ పూర్వమే ఎత్తిచూపారు. విధేయత మంచి విషయాలలో మాత్రమేనన్న హదీసు, దౌర్జన్యపరుడైన పాలకుడి ఎదుట న్యాయమైన మాట పలకడం అత్యుత్తమ జిహాద్ అన్న హదీసు, స్పష్టమైన అవిశ్వాసం కనబడితే తప్ప అధికారం కోసం పాలకులతో పెనుగులాడవద్దన్న ప్రవక్త సహచరుడు ఉబాదా బిన్ సామిత్ ఉల్లేఖనం, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవకుండా ఎవరి వాదనకూ బలం ఎంతో చెప్పలేము. ప్రవక్త తరువాత ముస్లింల పాలకుడైన మొదటి ఖలీఫా అబూబకర్ బాధ్యత స్వీకరించిన నాడు, తాను అల్లాహ్‌కూ ప్రవక్తకూ విధేయుడిగా ఉన్నంతవరకే తనకు విధేయులుగా ఉండమని ప్రజలతో చెప్పినట్లు చరిత్రకారులు నమోదు చేశారు.

ఇక చరిత్ర దగ్గర ఎక్కువసేపు ఆగవలసి ఉంటుంది, ఎందుకంటే పండితుల జాగ్రత్త అంతా అక్కడి నెత్తుటి అనుభవంలోంచి వచ్చింది. మూడవ ఖలీఫా ఉస్మాన్ 656లో తిరుగుబాటుదారుల చేతిలో హతులయ్యారు. ఆ తరువాత జమల్, సిఫ్ఫీన్ యుద్ధాలలో ప్రవక్త సహచరులే ఎదురెదురుగా నిలిచారు. తమతో ఏకీభవించని ముస్లింలను అవిశ్వాసులుగా ప్రకటించి చంపడానికి వెనుదీయని ఖవారిజ్‌లలో ఒకడు 661లో నాలుగవ ఖలీఫా అలీని ఖడ్గంతో కొట్టి చంపాడు. తిరుగుబాటును వ్యతిరేకించే పండితుడు ‘ఫిత్నా’ (ముస్లింల మధ్య అంతఃకలహం) అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఈ దృశ్యమే. మరోవైపు 680లో ఉమయ్యద్ వంశపు ఖలీఫా యజీద్‌కు విధేయత ప్రకటించడానికి నిరాకరించిన ప్రవక్త మనుమడు ఇమామ్ హుసేన్ కర్బలాలో అమరులయ్యారు. అదే వంశ పాలనను ఎదిరించిన అబ్దుల్లా బిన్ జుబైర్ 692లో మక్కాలో ప్రాణం వదిలారు. ఆ పాలనపైనే తిరగబడిన సేనాని ఇబ్న్ అల్ అష్‌అస్ తిరుగుబాటులో ఖుర్ఆన్ పండితులు పెద్దసంఖ్యలో చేరగా, వారిలో ఒకరైన సయీద్ బిన్ జుబైర్‌ను ఇరాక్ గవర్నరు హజ్జాజ్ ఆ కారణంగానే చంపించాడు. అదే కాలంలో బస్రా పండితుడు హసన్ బస్రీ మాత్రం ఓర్పు వహించమని జనానికి నచ్చజెప్పారు. కనుక తిరుగుబాటు నిషేధంపై ఏకాభిప్రాయం ఉందని నవవీ వంటి పండితులు రాసినది చదివినప్పుడు, తొలి తరాలలో ఖడ్గం పట్టడాన్ని సమర్థించిన అభిప్రాయం ఉండేదని, దాని పర్యవసానాలు చూశాకే దానిని విడిచిపెట్టారని హదీసు పండితుడు ఇబ్న్ హజర్ చెప్పిన మాటను కూడా గుర్తుంచుకోవాలి. మరో పండితుడు ఇబ్న్ హజ్మ్ ఆ ఏకాభిప్రాయాన్ని అసలే అంగీకరించలేదు.

హంబలీ ధర్మశాస్త్ర సంప్రదాయానికి మూలపురుషుడైన అహ్మద్ బిన్ హంబల్ ఉదాహరణను నేను ప్రత్యేకంగా సూచిస్తాను, ఎందుకంటే ఆయన్ను ఉదహరించేవారు సగమే చెబుతారు. ఖలీఫా వాసిఖ్‌పై తిరగబడదామని బగ్దాదు పండితులు కొందరు వచ్చి అడిగినప్పుడు, రక్తపాతం జరుగుతుందని వారించి, సహనం పాటించమన్నారాయన. ఆయనే అంతకుముందు ఖుర్ఆన్ అనాదిగా ఉన్నది కాదు, సృష్టించబడినదని ఒప్పుకోమన్న పాలకుల ఆజ్ఞను ధిక్కరించి, చెరసాలలో మగ్గి, ఖలీఫా ముఅతసిమ్ ఎదుట కొరడా దెబ్బలు తిన్నారు. ఆయుధం పట్టవద్దనడానికీ, పాలకుడు చెప్పినదానికల్లా తల ఊపమనడానికీ ఎంత దూరముందో ఆయన జీవితమే చూపుతుంది.

మరో విషయాన్ని వెతికి చూడండి: ఆ పండితుడు పాలకుడి చేతిని కూడా కట్టాడా? ధర్మశాస్త్ర గ్రంథాలలో తిరుగుబాటుదారులకు సంబంధించిన అధ్యాయం ఒకటి ఉంటుంది. నలభై తొమ్మిదవ సూరా 9వ వాక్యాన్నీ, జమల్ యుద్ధంలో అలీ నడవడినీ ఆధారం చేసుకుని, తమకంటూ ఒక ధర్మపరమైన వాదనతో, తగినంత బలగంతో తిరగబడినవారిని బందిపోట్లుగా చూడరాదని అది చెబుతుంది. అటువంటివారితో ముందుగా మాట్లాడి, వారి ఫిర్యాదు ఏమిటో విని, అన్యాయం ఉంటే తొలగించాలి. పోరాటం తప్పనిసరైనా వారి ఆస్తిని యుద్ధప్రాప్తిగా పంచుకోరాదు, వారి కుటుంబాలను బానిసలుగా చేయరాదు. గాయపడినవారినీ బందీలనూ చంపరాదన్నది చాలామంది పండితుల అభిప్రాయం. తిరుగుబాటును నిషేధించే పేజీని చూపి ఈ అధ్యాయాన్ని దాచిపెట్టే ఫత్వాను నేను ధర్మశాస్త్రంగా గౌరవించలేను.

షియా అభిప్రాయాలను సున్నీ కొలమానంతో చూడకండి. న్యాయమైన పాలన అనేది, ప్రవక్త వంశపు నాయకుల వరుసలో చివరివాడై, అదృశ్యంగా ఉన్న పన్నెండవ ఇమామ్‌ హక్కు అన్న విశ్వాసం వల్ల వారి పండితులలో రాజకీయాలకు దూరంగా ఉండే సంప్రదాయం బలంగా ఉండేది. అయినా 1891లో అగ్ర షియా పండితుడు మీర్జా షీరాజీ పేరిట వెలువడిన పొగాకు నిషేధ ఫత్వా ఇరాన్ రాజు ఒక విదేశీయుడికిచ్చిన గుత్తను రద్దు చేయించింది. 1970లో ఇరాక్ నగరమైన నజఫ్‌లో ఇరాన్ మతనాయకుడు ఖొమైనీ చేసిన ప్రసంగాలు పాలనాధికారం ధర్మశాస్త్రవేత్తదేనన్న సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చాయి, 1979 విప్లవం తరువాత అదే ఇరాన్ రాజ్యాంగంలోకి ఎక్కింది.

ఆపైన పర్యవసానాల లెక్క చూడాలి. చెడును తొలగించే ప్రయత్నం అంతకంటే పెద్ద చెడును తెస్తుందా, మార్చగల శక్తి నిజంగా ఉందా అని పండితులు అడుగుతారు. ఇది వివేకవంతమైన ప్రశ్నే, కానీ ఎటువైపైనా వంగగలదు. 2013 జులై 3న ఈజిప్టు సైన్యం ఎన్నికైన అధ్యక్షుడిని తొలగించినప్పుడు కైరోలోని ప్రసిద్ధ ఇస్లామీయ విద్యాపీఠమైన అల్ అజ్‌హర్ అధిపతి అహ్మద్ అల్ తయ్యిబ్ రెండు చెడులలో తక్కువదాన్ని ఎంచుకున్నామన్న వాదనతోనే ఆ నిర్ణయాన్ని సమర్థించారు. కనుక ఈ సూత్రాన్ని ఉపయోగించిన ప్రతిచోటా, ఏ హాని, ఎవరికి, ఏ ఆధారంతో అంచనా వేశారో పేరుపేరునా అడగాలి.

చివరిగా, అదే వ్యక్తి మరో దేశం గురించి ఏమన్నారో తీసి చూడండి. ఖరదావీ ఈజిప్టు, లిబియా, సిరియా ఉద్యమాలను సమర్థించి, బహ్రెయిన్ ఉద్యమాన్ని మాత్రం షియా మతశాఖకు సంబంధించినదన్నారు. ఇరాన్ నాయకత్వం ట్యునీషియా, ఈజిప్టు ఉద్యమాలను ఇస్లామీయ మేల్కొలుపుగా కీర్తించి, సిరియాలో అప్పటి అధ్యక్షుడు అసద్ పక్షాన నిలిచింది. రెండు ప్రకటనలనూ పక్కపక్కన పెట్టి, వాటి మధ్య మారినదేమిటో గుర్తించండి. ఒకచోట ఆయుధాలు లేకపోవడం, మరోచోట అంతర్యుద్ధం ముంచుకురావడం వంటి వాస్తవం మారి ఉంటే, తీర్పు మారడం ధర్మశాస్త్ర పద్ధతికి విరుద్ధం కాదు. మారినది పాలకుడి మతశాఖ లేదా మిత్రరాజ్యాల జాబితా మాత్రమే అయితే, ఆ మాటను రాజకీయ ప్రకటనగానే లెక్కవేయాలి.